పాచితోలు

దెబ్బ పడింది రాళ్లపేటలో, కూలిపోయింది కొత్తమొగలో. ఈ మాట ఇంకెవరైనా చెబితే పైడితల్లి నవ్వి ఊరుకునేది. కానీ కూలింది ఆమె తమ్ముడే, అదీ ఆమె కళ్ళముందే.

ఆదివారం కదా అని విశాఖ నుంచి ఇంటికొచ్చింది. తమ్ముడు కొర్లయ్య చోడి అంబలి గిన్నె ముందు పెట్టుకుని ఎండుచేప ముక్క నోట్లో వేసుకున్నాడు, అంతే. వెనకనుంచి ఎవరో తెడ్డు తిరగేసి బాదినట్టు వీపు విరుచుకుని ముందుకు పడ్డాడు. గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది.

"ఓలమ్మో! ఎవుడ్రా? ఎవుడ్రా నన్ను కొట్టినాడు?"

వెనక్కి తిరిగి చూస్తే గోడ తప్ప ఏముంది? ఇంకో దెబ్బ. నాలుక కరుచుకున్నాడు, అంబలితో పాటు నెత్తురు జీర బయటికొచ్చింది. మూడో దెబ్బకి అరిచే ఓపిక కూడా లేక చాప మీద పక్కకి ఒరిగిపోయాడు. పైడితల్లి వాడి చొక్కా పైకి లాగింది. వీపు మీద గీత కూడా లేదు. ఎడమ రెక్క కింద నుంచి నడుం దాకా, పోయినేడు తను అతికించిన పాచితోలు మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది. తోలు మీద ఎప్పుడూ లేచి ఉండే సన్నని నూగు మొత్తం లోపలికి ముడుచుకుపోయింది.

ఊళ్ళో ఇంకో ఇద్దరు కూడా ఇలాగే పడ్డారట. వాకిట్లో ఆడవాళ్ళు అప్పటికే ఇది చేతబడేనని తీర్పు చెప్పేశారు. "సిల్లంగి! ఆవలోళ్ళు సిల్లంగి పెట్టించినారు!"

కాసేపటికి చిన్నాన్న అప్పలకొండ వచ్చాడు. ఊళ్ళో పెద్ద మనిషి, పెద్ద నోరు. వెనక ముగ్గురు కుర్రాళ్ళు, వాళ్ళలో ఒకడి చేతిలో విరిగిన తెడ్డు. సంతోషంతో ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఒరే కొర్లా, లెగరా! ఆవలోడి ఈపు ఇరగ్గొట్టీసినార్రా మనోళ్ళు! ఆళ్ళ సంత కాడ దొరికినాడు. మూడంటే మూడే దెబ్బలు, ఎడం పక్కన. కుక్కలాగ కూలిపోనాడు!"

మూడు దెబ్బలు. ఎడం పక్క. పైడితల్లి తమ్ముడి చొక్కా మళ్ళీ ఎత్తి చూసింది.

ఆవలోడు అంటే దుర్గాసి. ఆ పేరు కొత్తమొగలో ఎవరూ నోటితో పలకరు. గెడ్డకి ఇటు కొత్తమొగ, అటు రాళ్లపేట. మధ్యన ఆ వాగు సముద్రంలో కలిసే మొగ, ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డున వినబడేంత దూరం. ఒకప్పుడు పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకున్న ఊళ్ళే. దుర్గాసి ఎవరనుకున్నారు? అప్పలకొండ సొంత అప్ప పోలమ్మ కొడుకు. అంటే ఆయనకి మేనల్లుడు, పైడితల్లికి మేనత్త కొడుకు. చేపల గుంపుని మొత్తంగా చుట్టేసే రింగు వలల మీద గొడవ మొదలయ్యాక చుట్టరికాలు గెడ్డలో కలిశాయి. పోయిన కార్తీకంలో పడవలు తగలబడ్డాక పేర్లు కూడా కలిశాయి. ఆవలోడు, ఆవలిది, ఆవలోళ్ళు. అంతకు మించి ఎవరైనా పలికితే చెంప పగిలేది.

ఆ రోజు మొగకి ఎదురుగా సముద్రంలో రెండు పడవలు ఒకదానికొకటి రాసుకున్నాయి. డీజిలు డబ్బాలో మండే గుడ్డ పడేసింది ఎవరో నేటికీ తేలలేదు. మీరంటే మీరని రెండూళ్ళూ ఒట్లు వేసుకుంటాయి. పైడితల్లి తండ్రి ఎల్లయ్య పడవతోనే కాలిపోయాడు. కొర్లయ్య వీపు, దుర్గాసి వీపు, ఇంకా రెండూళ్ళలో కొందరి ఒళ్ళూ కాలి మాంసం బయటపడింది. మండుతున్న పడవ మొగలోకి కొట్టుకొస్తే పోలమ్మ పరుగున నీళ్ళలోకి దిగి, కొడుకుని రెండు చేతులా లాగి బయట పడేసింది. ఆ చేతుల మీద తోలన్నది మిగల్లేదు.

పెద్దాసుపత్రి డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడు పైడితల్లి తన దగ్గరున్నది బయటికి తీసింది.

విశాఖ పరిశోధనాలయంలో ఆమె పని సముద్రపు పాచి. చేపలు పట్టేవాళ్ళు దురదపాచి అంటారు, కాలికి తగిలితే భగ్గున మండిస్తుంది కాబట్టి. చూడ్డానికి నాచులాగే ఉంటుంది గానీ జంతువు. ఒకే కాడకి వందల నోళ్ళు, అన్నింటికీ కలిపి ఒకటే కడుపు. ఒక నోరు తింటే అన్నింటికీ బలం. రేవు స్తంభాల మీద ఈకల్లా పెరిగేది ఒకటి, పీత వీపెక్కి ఊరేగేది ఒకటి, ఓడల అడుగున వేలాడుతూ ఎక్కడెక్కడినుంచో వచ్చేది ఒకటి. ఏది ఎక్కడ ఉంటుంది, ఎందుకక్కడే ఉంటుంది అని ఇచ్ఛాపురం నుంచి కాకినాడ దాకా ప్రతి రాయినీ తడిమి చూసింది. కొత్తమొగ రాళ్ళ మీది దాంట్లో ఒక వింత కనిపెట్టింది. దానికి ముందుగా ఒక ప్రాణి నెత్తురు తాగిస్తే, ఆ ప్రాణిని ఇక కుట్టదు. తన ఒళ్ళే అనుకుంటుంది. పచ్చి పుండు మీద వేస్తే వేళ్ళు పాతుకుని, సన్నటి వల అల్లి, కొత్త తోలు కట్టేస్తుంది. ఎలకల మీద పట్టింది, ఒక మేక మీద పట్టింది. మనుషుల మీద పడుతుందో లేదో చూడ్డానికి అప్పుడు టైమెక్కడుంది? వేసింది. అందరూ బతికారు.

బతికేముందు కూడా పౌరుషాలే. కాలిన ఒళ్ళతో మంచాల మీద మూలుగుతూనే రాళ్లపేటవాళ్ళు, "ఆళ్ళ రాళ్ళ మీద పాచి మాకొద్దు, మా రాళ్ళది ఎయ్యి," అన్నారు. పైడితల్లి సరేనంది. రాళ్లపేట రాళ్ళ మీదిది కొంచెం పొడుగ్గా ఉంటుంది, పనితనం ఒకటే. రెండు తొట్లు పెట్టి, ఒకదాని మీద 'కొ', ఇంకోదాని మీద 'రా' అని రాసి, ఎవరిది వాళ్ళకి వేసింది.

ఇప్పుడా తొట్ల గురించే ఆమె గుండెలో రాయి పడింది.

సోమవారం పొద్దున్నే పరిశోధనాలయానికి వెళ్ళి, పై అధికారి భానోజీని మేడ మీద గదిలోకి పంపింది. 'కొ' తొట్టి ఆయన ముందు పెట్టింది. తను కింద గదిలో 'రా' తొట్టి ముందు కూర్చుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని సూది తీసింది.

"సార్, చూస్తున్నారా?"

"ఆ, అన్నీ విచ్చుకునే ఉన్నాయి. ఏం చూడాలమ్మా?"

ఆమె సూదితో గుచ్చింది. తొట్టిలో నోళ్ళన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. ఫోనులో భానోజీ కుర్చీ కిందపడిన చప్పుడు.

"పైడీ! ముడుచుకున్నాయమ్మా! ఇక్కడ కూడా ముడుచుకున్నాయి!"

మళ్ళీ గుచ్చింది, మళ్ళీ ముడుచుకున్నాయి. ఒక కాడ తుంచి మంచినీళ్ళలో వేసింది. అది తెల్లబడి చచ్చింది. పైన ఉన్నవి ఈసారి ముడుచుకోలేదట. చల్లబడినట్టు కాసేపు కదలకుండా ఉండిపోయాయట. ఎలా చేరుతోంది ఆ కబురు? గాలిలోనా, ఇంకెలాగైనానా? ఆమెకి తెలియదు, భానోజీకీ తెలియదు. ఒకే ఒంటివి ఎంత దూరం తీసుకుపోయినా ఒకే ఒళ్ళు. అంతవరకు కళ్ళతో చూశారు.

భానోజీ మెట్లు రెండేసి దిగి వచ్చాడు. మంచివాడే, కానీ కొత్త సంగతి కనబడితే మనిషి మనిషి కాడు. "ఇది ప్రపంచంలో ఎవరూ చూడలేదు పైడీ! కానీ రెండూ వేరు రకాలని కదా నువ్వన్నావు?"

"గెడ్డ దాటి ఏ పాచీ రాదనుకున్నాను సార్. వానాకాలం మొగ నిండా మంచినీళ్ళే. తగిలితే చస్తుంది. అందుకే ఇటుది ఇటే, అటుది అటే అనుకున్నాను. అటుది పొడుగ్గా ఉండేసరికి నమ్మకం కుదిరింది. అటు అల తక్కువ సార్. అల కొట్టని చోట ఏదైనా పొడుగే పెరుగుతుంది. ఆమాత్రం తట్టలేదు నాకు."

"తీసెయ్యగలమా?"

"నరాల్లోకి వేళ్ళు పోయాయి. మంచినీళ్ళలో నానబెడితే పాచి చస్తుంది, కింద మాంసం ఊడి మనిషీ చస్తాడు."

భానోజీ చెమట తుడుచుకున్నాడు. "అయితే ఊళ్ళో చెప్పకు."

"చెప్పకపోతే రేపో మాపో మావాళ్ళు దుర్గాసిని చంపుతారు. మా తమ్ముడు ఇంట్లో కూర్చుని చస్తాడు."

"చెబితే?"

"చెబితే కొట్టడం మానేస్తారు సార్. తన కంట్లో తను ఎవడు పొడుచుకుంటాడు?"

చదువుకున్నదానికి అంతకన్నా ఆలోచన రాలేదు, పాపం.

వలలు బాగుచేసుకునే పాకలో మగవాళ్ళందరూ కూర్చుని ఉండగా పైడితల్లి అంతా చెప్పింది. సూది సంగతి, తొట్ల సంగతి, తమ్ముడి వీపు సంగతి. అప్పలకొండ చుట్ట పక్కకి తిప్పాడు.

"మన పాచి మనది, ఆళ్ళ పాచి ఆళ్ళది అన్నావు కదేటే? గెడ్డ అవతలిది ఇవతలికెలగొచ్చినాది? ఈదుకొచ్చినాదేటి?"

అదే ఆమెకి తెగనిది. జవాబు కొర్లయ్య చెప్పాడు, వలకన్ను ముడేస్తూ, తల కూడా ఎత్తకుండా.

"బందీ వల."

పైడితల్లి నుదురు కొట్టుకుంది. ఈ ఊళ్ళో పుట్టి, ఈ నీళ్ళలో ఈదిన తను ఎలా మర్చిపోయింది? అవతలివాళ్ళ వల దొంగిలిస్తే దాన్ని కాల్చరు, అమ్మరు, వాడరు. ముక్కలు కోసి, మొగ బయట సముద్రం వైపు పాతిన గుంజలకి నీళ్ళలో బందీగా కట్టేస్తారు. పోయే ప్రతి పడవా దాన్ని తొక్కుకుంటూ పోవాలి, అదీ పరువు. కొత్తమొగ గుంజలకి రాళ్లపేట వలలు, రాళ్లపేట గుంజలకి కొత్తమొగ వలలు. తాతల నాటినుంచీ అంతే. తడి ఆరకముందే తెచ్చి ఉప్పునీళ్ళలో కట్టిన ఆ వలల మీదే పాచి గెడ్డ దాటింది, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. పగపట్టి మరీ ఒకటి చేశారు దాన్ని.

"అయితే ఆవలోణ్ణి కొడితే మనోడికి తగుల్తాదంతావు," అన్నాడు అప్పలకొండ నెమ్మదిగా.

"అవును సిన్నాన్నా. అందుకే సెప్తన్నాను, ఇంక కొట్టుకోకండి."

"మరి మనోణ్ణి కొడితే?"

ఆమెకి మొదట ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా కొర్లయ్య వల అల్లే కండె కింద పెట్టాడు. తండ్రి పోయాక వాడి మొహం మీద నవ్వు ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది, చూసి భయపడింది. వాడు లేచి, తారు కాగుతున్న పొయ్యిలోంచి కొరివి లాగి, చొక్కా ఎత్తి, పక్కటెముకల మీది పాచితోలుకి ఆనించుకున్నాడు.

చుయ్యిమంది. వాడి పళ్ళు పటపటలాడాయి, కళ్ళలో నీళ్ళు ధారకట్టాయి, అయినా కొరివి తియ్యలేదు. ఊళ్ళో రెండిళ్ళలోంచి కేకలు లేచాయి, వాటి వెనకే గెడ్డ అవతలనుంచి ఒక మనిషి అరుపు గాలిలో తేలుతూ వచ్చింది. పాకలోవాళ్ళు ఒక్క క్షణం నోళ్ళు తెరిచి చూశారు. ఆ తర్వాత ఈలలు, కేకలు.

"కొట్రా కొర్లా! ఇంకోటి ఎయ్యి! పడవక్కర్నేదు, కత్తక్కర్నేదు, కూకున్న కాడినుంచే సంపీయొచ్చురా ఆవలోణ్ణి!"

పైడితల్లి వాడి మీద పడి కొరివి లాక్కుంది. ఆమె అరచేయి కాలింది. ఆ నొప్పి మాత్రం ఆమెది ఒక్కదానిదే.

రాళ్లపేటవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? రెండు రోజుల్లో తెలుసుకున్నారు. మూడో రోజు కొర్లయ్య పడవ తోస్తూ తోస్తూ కెవ్వుమని ఇసకలో దొర్లాడు. అక్కడ దుర్గాసి తన భుజానికి గేలం గుచ్చుకుని తిప్పుతున్నాడు. దానికి జవాబుగా కొర్లయ్య మేకు కాల్చుకున్నాడు. దానికి జవాబుగా దుర్గాసి ఉప్పూ కారం నూరి కోతలో కూరుకున్నాడు. పాచితోలున్న మిగతావాళ్ళు రెండూళ్ళలోనూ ఏ పాపం ఎరక్కుండా, అన్నం తింటూ, పిల్లల్ని ఎత్తుకుని, నిద్రలో ఉలిక్కిపడి అరుస్తూ ఆ దెబ్బలన్నీ తిన్నారు. వాళ్ళొచ్చి అప్పలకొండ కాళ్ళ మీద పడితే, "ఓర్సుకోండెహె! ముందు ఆవలోళ్ళు సావాల," అన్నాడు. ఆయన ఒళ్ళు నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది మరి.

పోలీసులొచ్చారు. ఎవడు ఎవణ్ణి కొట్టాడని అడిగారు. ఎవడి ఒళ్ళు వాడే కాల్చుకున్నాడని చెప్పారు. ఏ సెక్షను పెట్టాలో తెలియక టీ తాగి వెళ్ళిపోయారు.

పైడితల్లి రాళ్లపేట వెళ్ళింది. పేర్లు పలకడమే తప్పయిన చోట గడప తొక్కడం చిన్న సంగతి కాదు. రాళ్ళు విసిరారు, మోకాలు చిట్లింది. మేనత్త పోలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, బూడిదరంగు పాచితోలు చేతులు ఒళ్ళో పెట్టుకుని. చేతులు వణుకుతున్నాయి, పెదాలు నల్లబడ్డాయి. పైడితల్లి నాడి పట్టుకుని చూసింది. ఆ నాడి తప్పి తప్పి కొట్టుకుంటోంది.

"అత్తా, నీ గుండి బాగోనేదే. ఆసుపత్రికి రా, నాను తీసుకెల్తాను."

"మా వోడు జరంతో కాలిపోతన్నాడు, ఆణ్ణొదిలి ఎక్కడికొత్తానే? ఆడు నా మాట ఇనడు. నువ్వెల్లి మా కొండడికి సెప్పు. అమ్మ పోతే ఈ సేతుల్తోనే ముద్దలు పెట్టి పెంచినాను ఆణ్ణి. అప్ప సెప్పిందని సెప్పు."

ఆ మాట పట్టుకొచ్చి చిన్నాన్నకి చెప్పింది. అత్త చేతులకీ అదే పాచి, ఆమె గుండె ఇంకో దెబ్బకి ఆగదు అని కూడా చెప్పింది. అప్పలకొండ సముద్రం వైపు చూస్తూ విన్నాడు.

"ఆవలిది ఎవుతో నాకు తెల్దు," అన్నాడు.

ఆ వారంలోనే మొగ దగ్గర పడవలు గుద్దుకున్నాయి. తెడ్లు, కత్తులు, బూతులు. నీళ్ళు ఎర్రబడ్డాయి. అప్పలకొండ కుడి అరచెయ్యి తెగి ఎముక కనబడింది. ఆసుపత్రికి పోతే కేసవుతుందని పైడితల్లి ముందు చెయ్యి చాపాడు.

ఆమె గిన్నె కింద పెట్టి ఉప్పునీళ్ళతో గాయం కడిగింది. గిన్నెలో నెత్తురు బొట్లు బొట్లుగా పడుతోంది. "సురుగ్గా కట్టీవే," అని విసుక్కుంటూ ఆయన అటు తిరిగి చుట్ట వెలిగించాడు. పైడితల్లి గిన్నె వంక చూసింది. పెట్టెలో తమ్ముడి కోసం తెచ్చిన పాచి సీసా ఉంది. మనిషికి తెలియకుండా వాడి ఒంటి మీద ఏదీ వెయ్యకూడదని ఆమె చదివిన చదువు. చిన్నప్పుడు తనని భుజాల మీదెక్కించుకుని సంత తిప్పింది ఈ చిన్నాన్నే.

"కట్టు రేపు మార్చాల సిన్నాన్నా. ఇయాలకి ఇలగే ఉండనీ," అంది.

గిన్నెలో నెత్తురు సీసాలో పోసింది. మర్నాడు కట్టు విప్పి, గాయం మీద ఒక పొర పరిచింది.

"సల్లగా ఉందేటే?"

"మందు సిన్నాన్నా."

అది పట్టుకుని నరం దాకా వేళ్ళు దించాలంటే రెండు వారాలైనా కావాలి. పట్టకపోనూవచ్చు. ఆ రెండు వారాలూ ఆమె లీవు పెట్టి, చిన్నాన్న కట్టు ఎవరినీ విప్పనివ్వకుండా తనే మారుస్తూ, తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉంది. వాడి ఒళ్ళు వాడి స్వాధీనంలో లేదు. వీపంతా పుళ్ళు, రాత్రీ పగలూ జ్వరం. ఇంకొక్క పెద్ద దెబ్బకి వాడు మిగలడని ఆమెకి తెలుసు. వాడి కాళ్ళు పట్టుకుంది.

"ఒరే, నాన్న పోనాడు. నువ్వు కూడా పోతే నాకెవులున్నార్రా?"

"నాన్న మండుతుంటే నాను సూసినానప్పా," అన్నాడు కొర్లయ్య. "ఆడు పోయేదాకా నాను పోను. బయపడకు."

అప్పలకొండ లెక్క వేరే ఉంది. ఆవలోడు జ్వరంతో మంచం దిగడం లేదని వేగులు చెప్పారు. కొర్లయ్య కుర్రాడు, ఎలాగో తట్టుకుంటాడు. ఒక్కసారి వీపు మొత్తం కాలిస్తే అక్కడ ఆవలోడి గుండె ఆగిపోతుంది. పైడితల్లి బావికి వెళ్ళిన సమయం చూసి వాణ్ణి ఒడ్డుకి తీసుకుపోయాడు.

ఆమె బిందె పారేసి పరిగెత్తేసరికి పొద్దు వాలుతోంది. పాచితోలున్నవాళ్ళు ఇళ్ళలో తలుపులు బిగించుకున్నారు, మిగతా ఊరంతా ఇసకలో చేరింది. కొర్లయ్య బోర్లా పడుకుని తాడుముక్క పళ్ళ మధ్య కరుచుకున్నాడు. కాళ్ళూ చేతులూ నలుగురు పట్టుకున్నారు. కొలిమిలో లంగరు ముల్లు ఎర్రగా కాలుతోంది. అవతలి ఒడ్డున కూడా మంట కనబడుతోంది, దాని చుట్టూ జవాబుకి కాచుకున్న జనం.

"సిన్నాన్నా! ఆడు సచ్చిపోతాడు! నీ కాల్మొక్కుతాను!"

ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నారు. అప్పలకొండ కట్టున్న కుడిచేతి వేళ్ళతోనే ముల్లుని కాలని కొస పట్టి అందుకుని, కొర్లయ్య వీపు మీద పాచితోలుకి అదిమాడు.

రెండు అరుపులు ఒక్కసారి లేచాయి. ఒకటి కొర్లయ్యది, రెండోది అప్పలకొండది. ఆయన ముల్లు వదిలేసి, చెయ్యి పొట్టలో దాచుకుని, మోకాళ్ళ మీద పడి గింగిరాలు తిరిగాడు. పట్టుకున్నవాళ్ళు బెదిరి వెనక్కి జరిగారు. ఆయన వణుకుతూ పళ్ళతో కట్టు లాగాడు. అరచేతిలో గాయం లేదు. గాయం ఉన్నచోట బూడిదరంగు తోలు, ముడుచుకుపోయిన నూగు.

ఆ తోలు ఏమిటో ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

"ఏటి సేసినావే నన్ను?"

"గాయానికి మందేసినాను సిన్నాన్నా. తమ్ముడికేసిన మందే. అత్తకేసిన మందే. నీకూ తగిల్తే ఆపుతావనుకున్నాను."

ఆయన ఎడమచేత్తో తెడ్డు లాక్కుని ఆమె మొహం మీద కొట్టాడు. దవడ పక్కకి పోయింది. రెండు పళ్ళు ఇసకలో పడ్డాయి. కిందపడ్డ ఆమెని దాటుకుని వెళ్ళి మళ్ళీ ముల్లు తీశాడు.

"నొప్పికి బయపడతాననుకున్నావేటే? నాను ఎవుడి కొడుకుననుకున్నావు? తగల్నీ! నాకూ తగల్నీ!"

అదీ మనిషంటే. తగిలితే తెలుస్తుందని ఆమె నమ్మింది. తగిలింది, తెలిసింది, అయినా కాల్చాడు. ఈసారి ఎక్కువసేపు, తనూ గావుకేకలు పెడుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ, ముల్లు చల్లారేదాకా కాల్చాడు. కొర్లయ్య అరుపు మధ్యలో తెగిపోయి తల వాలిపోయింది. గాలి నిండా మాంసం కాలిన కంపు.

అప్పలకొండ ముల్లు పారేసి, ఎగరొప్పుతూ అవతలి ఒడ్డు వైపు తిరిగాడు. "రమ్మను! జవాబు రమ్మను! కాసుకుంటాను!"

జవాబు రాలేదు.

అందరూ ఎదురు చూశారు. అల వచ్చింది, పోయింది. అవతల మంట మండుతూనే ఉంది. అప్పలకొండ తన అరచెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని వింతగా చూసుకున్నాడు.

"సల్లబడిపోతందేటే?" అన్నాడు. "పైడీ, నా సెయ్యి సల్లబడిపోతందే. నొప్పి నేదు. ఏటీ నేదు."

మంచినీళ్ళలో వేసిన కాడ పైడితల్లికి గుర్తొచ్చింది. పాక్కుంటూ వెళ్ళి తమ్ముడి ముక్కు దగ్గర చెంప పెట్టింది. సన్నగా ఊపిరి ఆడుతోంది. వీడు కాదు. మరి ఎవరు? నల్లబడ్డ పెదాలు, తప్పి తప్పి కొట్టుకునే నాడి కళ్ళముందు మెదిలాయి. ఆమె నోరు తెరిచింది గానీ విరిగిన దవడ మాట పలకనివ్వలేదు.

అవసరం లేకపోయింది. అవతలి ఒడ్డున ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారి భగ్గుమంది. దాన్ని చీల్చుకుంటూ మగగొంతు ఒకటి వచ్చింది, జ్వరంతో జీరపోయి.

"మావా!"

ఎన్నాళ్ళయిందో ఆ గెడ్డ మీదుగా ఆ పిలుపు వచ్చి.

"మావా! అమ్మ పోనాది మావా! గుండి ఆగిపోనాది!"

అప్పలకొండ తన అరచేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు, చిన్నపిల్లవాడు అమ్మ వేలు పట్టుకున్నట్టు.

"దుర్గాసీ," అన్నాడు. ఆ వెంటనే ఊరంతా దద్దరిల్లేలా అరిచాడు. "ఒరే దుర్గాసీ! వత్తన్నాన్రా! అప్పా! ఓలప్పా!"

కుర్రాళ్ళు కత్తులు తీసి వెంట రాబోయారు. ఆయన వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆగిపోయారు. అవతల తనని నరుకుతారో, దగ్గరకి తీసుకుంటారో ఆయన ఆలోచించినట్టు లేదు. వేసంగి కదా, మొగలో రొమ్ములోతే, అదీ అంతా పోటు తెచ్చిన ఉప్పునీళ్ళే. కట్టుకున్న పంచెతోనే దిగిపోయాడు. పైడితల్లి తమ్ముణ్ణి ఆడవాళ్ళ ఒళ్ళో పెట్టి, దవడ చేత్తో పట్టుకుని వెనకే దిగింది. అత్త చేతులకి ఆ తోలు వేసింది తను. ఈయన చేతికి వేసిందీ తనే. ఒడ్డున నిలబడి చూసే హక్కు ఆమెకి లేదు.

మొగ అంచున గుంజల మధ్యకి వచ్చారు. నీళ్ళలో బందీ వలలు ఊగుతున్నాయి, ముందు వాళ్ళవి, ఆపైన వీళ్ళవి, కన్నుకన్నుకీ గుబురుగా పాచి పట్టి. ఆ వలల్లోంచి ఒంటికి దద్దుర్లెక్కకుండా బయటపడ్డవాడు రెండూళ్ళలోనూ పుట్టలేదు. అప్పలకొండ వాటిని చేతులతో తోసుకుంటూ, ఏడ్చుకుంటూ నడిచాడు. పాచి ఆయన కాళ్ళకీ, రొమ్ముకీ, మెడకీ చుట్టుకుంది, తన ఒళ్ళే అనుకుని వదిలింది. ఒక్క చోట కూడా కుట్టలేదు.

వెనక వస్తున్న పైడితల్లి కాళ్ళు మాత్రం భగ్గున మండాయి.